కార్డుకి ఒక్క వాక్యం

కంట్లో మొదటి చుక్క పడగానే ఒడిలోని గోరంత కెవ్వుమంటుందని పిన్ని అనుకుంది. కేక పెట్టలేదు. నర్సు చెయ్యి తీయకముందే కళ్లు గట్టిగా మూసుకుని, ముక్కు ముడిచి, చేదుగా ఉంది అంది. కంట్లో వేసిన మందు చేదేమిటని పక్కకుర్చీలో ముసలాయన నవ్వాడు గాని పిల్ల అన్నది నిజమే, కంటికీ గొంతుకీ లోపల సన్నటి దారి ఉంటుందట, నర్సే చెప్పింది. పది నిమిషాలకోసారి ఇంకో రెండుసార్లు వేయాలి, కంటిపాప బాగా విచ్చుకోవాలి, అప్పుడుగాని వెనకాల ఏముందో డాక్టరుగారికి కనిపించదు, మొత్తం గంట పడుతుంది, పాపని కళ్లు తెరవనివ్వకండి అని చెప్పి సీసా పట్టుకుని తర్వాతి కుర్చీ దగ్గరికి వెళ్లింది. గోడ గడియారంలో పదకొండుంబావు. ఒడిలో నాలుగున్నరేళ్ల గోరంత, పిల్ల కాళ్ల కింద చేతిసంచి, సంచి లోపలి జిప్పు అరలో ఒక కార్డు. ఎడమ పక్క కుర్చీలో పిల్ల నానమ్మ, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, ఎదురుగా ఉన్న తలుపు మీదినుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. హాల్లో అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. తెరిచి ఉన్నవి వెంట వచ్చినవాళ్ల కళ్లే, వాటిలో పిన్ని కళ్లు మరీ ఎక్కువ తెరిచి ఉన్నాయి.

ఒక నెల నుంచండీ, అంది తను ఇందాక డాక్టరు గదిలో. ఎందుకంది? డాక్టరు చిన్న టార్చి వేసి పిల్ల కుడికంట్లోకి చూశాడు, బాగుందన్నట్టు తలూపాడు, ఎడమకంట్లోకి చూశాడు, తల ఆగిపోయింది. అంతవరకూ పిల్లతో నీకెన్ని పళ్లు, లెక్కపెట్టనా అని కబుర్లాడుతున్న మనిషి నోరు కట్టేసినట్టు ఊరుకున్నాడు. టార్చి ఆర్పి, మళ్లీ వేసి, మళ్లీ చూసి, ఎప్పటినుంచి ఇలా తెల్లగా మెరుస్తోంది అని అడిగాడు. నానమ్మ తల ఇటు తిరిగింది. ఆ తల అలా తిరగకపోయి ఉంటే నిజమే వచ్చేదేమో నోట్లోంచి. ఒక నెల నుంచండీ. అతను రాసుకున్నాడు. తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం ప్రూఫులు దిద్దే తనలాంటివాళ్లకి వచ్చిన పాడు విద్య, బల్ల ఇవతలనుంచే చదివేసింది, ఎడమ ప్యూపిల్ తెలుపు, ఒక నెల. తను ఆడిన అబద్ధం అప్పుడే అచ్చులోకి ఎక్కినట్టయింది. మందు వేశాక లోపల చూద్దాం, అన్నాడు డాక్టరు, ఈలోగా మీరు బాగా గుర్తు తెచ్చుకోండి, నెల అయితే వారం ఆగి మత్తిచ్చి చూడొచ్చు, అంతకంటే పాతదైతే ఇవాళే తలకి స్కానింగు తీయించాలి, లోపల పెరిగేది కంట్లోనే ఉందో కన్ను దాటిందో చూడాలి. కన్ను దాటడమంటే ఏమిటని నానమ్మ అడిగింది. డాక్టరు పిల్ల వంక ఒకసారి చూసి, గొంతు తగ్గించి, కన్ను సంగతి తర్వాతమ్మా, ముందు పిల్ల, అన్నాడు.

ముందు పిల్ల. ముందు పిల్ల. ఈ పిల్లకి గోరంత అని పేరు పెట్టింది అక్కే, ఎనిమిదో నెలలోనే పుట్టేసి అద్దాల పెట్టెలో ఎర్రగా కదులుతుంటే, గోరంత లేదే, దీని గొంతు మాత్రం కొండంత అని నవ్వింది. ఆ నవ్విన మనిషీ ఆమె మొగుడూ ఒకే కారులో, ఒకే మలుపులో, ఒకే నిమిషంలో పోయి వచ్చే నెలకి ఏడాది. కర్మకాండలు అయిపోయాక పెద్దవాళ్లందరూ చాపమీద కూర్చున్నప్పుడు, పిల్లని నేను పెంచుతానని పిన్ని అంటే, నానమ్మకి నమ్మకం కలగలేదు. పెళ్లీ పెటాకులూ లేకుండా పుస్తకాల్లో తలదూర్చుకుని ఉండేదానివి, కాగితం మీద పిల్ల అనే మాట రాయడం వేరు పిల్లని పెంచడం వేరు, అంది. కంటికి రెప్పలా చూసుకుంటాను అత్తయ్యా, అంది తను. సరిగ్గా ఆ మాటే. లోకంలో ఇంకే మాటా దొరకనట్టు. ఒక్క ఏడాది చూస్తాను, అంది నానమ్మ, ఏ లోటు కనిపించినా మా ఇంటికి తీసుకుపోతాను. ఆవిడ మాట మనిషి. ప్రతి ఆదివారం వచ్చి పిల్ల గోళ్లు చూసేది, తలలో చూసేది, బరువు పెరిగిందా లేదా ఎత్తుకుని చూసేది. కళ్లలోకి మాత్రం ఆవిడా చూడలేదు, అని ఇప్పుడు అనుకోవడానికి పిన్నికి సిగ్గేసింది. ఎదుటివాళ్ల మీదికి తోసేద్దామని వెతుకుతోంది మనసు, దొంగబుద్ధి.

ఆవిడ చూడలేదు సరే, నువ్వు చూశావుగా. చూడటమా, రోజూ అదే పనిగదా. తను పనిచేసేది నిఘంటువు ఆఫీసులో, ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలే కాకుండా వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా ఇచ్చే పెద్ద నిఘంటువు, పాతికేళ్లుగా తయారవుతూనే ఉంది, ఎక్కేవాళ్లు ఎక్కుతుంటారు దిగేవాళ్లు దిగుతుంటారు, అది మాత్రం ఇంకా పి అక్షరం దగ్గరే ఉంది. గోడల నిండా చెక్క సొరుగులు, సొరుగుల నిండా అరచేతంత కార్డులు. కార్డు మీద నాలుగు గడులు. మాట, అన్నది ఎవరు, తేదీ, అర్థం. ఆ కింద ఆ మాట వాడిన వాక్యం. సంపాదకుడు పెద్దాయన నోట ఎప్పుడూ రెండే సూత్రాలు. తేదీ లేని కార్డు తలకాయ లేని మొండెం, తీసుకెళ్లి బుట్టలో పడేయండి. కార్డుకి ఒక్క వాక్యం, రెండోది రాశారా, కత్తెర నా దగ్గరుంది. ఆయన దగ్గర నిజంగానే కత్తెర ఉండేది, సోది వాక్యాలని కత్తిరించి బల్ల అంచున వరసగా పేర్చేవాడు. పదమూడేళ్లలో పిన్నికి ఆ రెండు సూత్రాలూ ఒంటికి పట్టేశాయి. బస్సులో ఎవరైనా కొత్తగా ఒక మాట అంటే చాలు చెయ్యి సంచిలోకి పోయేది, ఖాళీ కార్డులు అక్కడ ఎప్పుడూ ఓ పది ఉండాల్సిందే. మనుషులు తన ముందు ఏడ్చినా నవ్వినా ముందు మాట వినిపించేది, ఆ తర్వాతగాని ఏడుపు వినిపించేది కాదు. అక్క ఓసారి అననే అంది, నేను పోయినా నువ్వు ముందు తేదీ వేస్తావే అని. వేసింది కూడా. ఆస్పత్రి కాగితం మీద సంతకం చేస్తూ ముందు తేదీ వేసి, తర్వాత ఏడ్చింది.

ఫిబ్రవరిలో తన బల్ల మీదికి ప్యూపిల్ అనే మాట వచ్చింది. మామూలుగా చూస్తే బడిపిల్ల అని రాసి పక్కన పెట్టేసే మాట. పెద్దాయన ఊరుకుంటాడా, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లాటిన్‌లో పూపా అంటే ఆడపిల్లమ్మా, ఆడుకునే బొమ్మ కూడా, దాన్నే ముద్దుచేసి పూపిల్లా అన్నారు, బుల్లి బొమ్మ. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే నల్లగుడ్డులో నీ బొమ్మే ఇంత చిన్నగా కనిపిస్తుంది చూడు, అందుకని కన్ను నడిమి నలుపుకీ అదే పేరు పెట్టారు. వాళ్ల చట్టంలో మళ్లీ ఇంకో అర్థం, తండ్రి పోయి పరాయి పెద్దల సంరక్షణలో ఉన్న పిల్ల. ఇంగ్లీషులోకి ముందు దిగింది ఆ అనాథ పిల్లే, ఫ్రెంచివాళ్ల చెయ్యి పట్టుకుని. రెండు వందల ఏళ్లు అలాగే ఉండి, తర్వాత మెల్లగా మాటలోంచి అనాథ బయటికి పోయి, ఆ కుర్చీలో బడిపిల్ల వచ్చి కూర్చుంది. ఇప్పుడెవరికీ ఆ మొదటిపిల్ల గుర్తులేదు, అన్నాడాయన. పిన్ని ఇంట్లో ఉన్నది ఆ మొదటిపిల్లే. మరి మనం కంటిపాప అనడం వాళ్లని చూసేనా అని అడిగింది. ఎవరూ ఎవరినీ చూడలేదు, అన్నాడు పెద్దాయన, గ్రీకులూ పిల్ల అనే అన్నారు, ముద్దొచ్చి దగ్గరికి తీసుకున్నవాళ్లందరికీ కంట్లో అదే కనిపిస్తుందమ్మా, దానికి లాటిన్ రావక్కర్లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే గోరంతని కిటికీ దగ్గర నిలబెట్టి, నా కంట్లోకి చూడు, ఏం కనిపిస్తోంది అంది. ముక్కూ ముక్కూ తగిలేదాకా వచ్చి చూసి, నేను, నేనున్నాను, చిన్న నేను, అని పిల్ల ఎగిరి గంతేసింది. అప్పటినుంచి అదే ఆట. పడుకునే ముందు, బడికెళ్లే ముందు, జడ వేస్తుంటే వెనక్కి తిరిగి మరీ, ఉన్నానా పిన్నీ, ఉన్నావు, ఎన్నున్నాను, రెండున్నావు. అక్క పోయాక పిల్ల అలా గంతేయడం అదే మొదలు. ఫిబ్రవరి పదకొండు. ఆ సాయంత్రమే, ఇంకా చీకటి పడకముందే, బీరువా అద్దం ముందు పిన్ని ఫోనుతో ఫొటో తీసింది, ఫ్లాషు పడింది, ఫొటోలో పిల్ల కుడికన్ను నల్లగా, ఎడమకన్ను పిల్లి కన్నులా తెల్లగా వెలిగింది. గోరంత ఆ ఫొటోని వేలితో పెద్దది చేసి చూసింది, అద్దంలో చూసుకుంది, మళ్లీ ఫొటో చూసింది. ఆ కంట్లో పాప లైటు ఆర్పకుండా నిద్రపోయింది, అంది. తర్వాత ఇంకేదో అంది. అప్పటికే పిన్ని చెయ్యి సంచిలో ఉంది. నవ్వుతూ, కళ్లు చెమర్చి, ఎంత మాటందమ్మా నా తల్లి అనుకుంటూ, మాట, అన్నది ఎవరు, తేదీ, అన్నీ పొందిగ్గా రాసుకుంది. అర్థం అనే గడిలో, ముచ్చట, అని రాసింది. ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలక మానుతుందా. పిల్ల పుస్తకంలో మాటలు అనడం లేదు, నాకు కంట్లో ఏదో అయింది అని చెబుతోంది. నాలుగేళ్ల ప్రాణం తనకి వచ్చిన మాటల్లో చెప్పింది, చెప్పాల్సిన మనిషికే చెప్పింది, ఆ మనిషి దాన్ని సంచిలో జిప్పు వేసి దాచుకుంది.

రెండో చుక్క. ఈసారి పిల్ల ఏడ్చింది, గట్టిగా కాదు, చేదు మింగుతూ. నానమ్మ చెయ్యి చాపి పాదం నిమిరింది. ఆ ఫొటోకి ఇవాళ్టికి ఆరు నెలల తొమ్మిది రోజులు. మధ్యలో మార్చిలో బడిలో ఫొటోలు తీసినతను, పాప కన్నొకటి తెల్లగా వస్తోందమ్మా, కంప్యూటర్లో దిద్దేశాను, ఏం తెలీదు అన్నాడు, థాంక్స్ కూడా చెప్పింది. మేలో గోరంత ఎడమపక్క తలుపు అంచుకి కొట్టుకుంది, జూన్‌లో రెండుసార్లు, చూసుకుని నడవమ్మా అంది. చూసుకుని! పోయిన వారం టీచరమ్మ పిలిచి, పిల్ల ఎడమవైపు నుంచి పిలిస్తే తల మొత్తం తిప్పుతోంది, కంటి డాక్టరుకి చూపించండి అని చెబితేగాని కాలు కదల్లేదు. టీచరుకి కనిపించింది, తనకి కనిపించలేదు, తనకి వినిపించింది కదా మరి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు, ఇక్కడ కాలింది తన చెయ్యి కాదు, తన చెయ్యి సుబ్బరంగా ఉంది, కార్డు మీద అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. దేవుడా, నా రెండు కళ్లూ తీసుకో, ఇక్కడే, ఈ కుర్చీలోనే, ప్రూఫులు వేరేవాళ్లు దిద్దుకుంటారు. ఎవరితో బేరమాడుతోందో ఆమెకే తెలీదు. ఎదుటి గోడ మీద కన్ను బొమ్మ వేసి బాణాలు గీసి ఉంది, ప్యూపిల్ అని రాసిన బాణం మొన నల్లటి గుండ్రం మీద ఆగింది. అక్కడ బొమ్మా లేదు, పిల్లా లేదు, అనాథా లేదు, ఉత్త కంత.

ఎవరికీ తెలీదు. కార్డు సంగతి పెద్దాయనక్కూడా తెలీదు, అచ్చులో లేని మాట ఆయన ఒప్పుకోడని సొరుగులోకి పంపలేదు. ఫొటో ఫోనులోంచి తీసేస్తే తీసేసినట్టే. నెల అన్నది నెలగానే ఉంటుంది, మందు మందే, డాక్టరు లోపలికి చూస్తాడు, ఉన్నది ఉన్నట్టు ఆయనకే కనిపిస్తుంది, నా తేదీతో ఆయనకేం పని. కనిపించకపోతే? వారం ఆగొచ్చంటే? ఆ వారంలో అది కన్ను దాటితే? నిజం చెబితే పిల్ల తన దగ్గర ఉండదు, అబద్ధం ఆడితే అసలు పిల్లే, ఆ మాట పూర్తి చేయలేక పిల్లని నానమ్మ ఒడిలో పెట్టి లేచింది. ఇప్పుడే వస్తాను అత్తయ్యా అని, సంచితో సహా బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టి కార్డు తీసింది. రెండు చేతులతో రెండు అంచులు పట్టుకుంది. చింపడానికి ఎంత బలం కావాలి, అట్ట కూడా కాదు అది. వేళ్లు కదల్లేదు. పదమూడేళ్లలో వందల కార్డులు చింపింది, తేదీ లేనివి, సందేహం ఉన్నవి, ఎవరు అన్నారో తెలీనివి. దీనికి అన్నీ ఉన్నాయి. బుట్టలో పడేయడానికి దీంట్లో ఒక్క లోపమూ లేదు. కుళాయి తిప్పి మొహం మీద నీళ్లు కొట్టుకుంది, అద్దంలో తన కళ్లలోకి చూసుకోకుండా బయటికి వచ్చింది.

నానమ్మ ఒడిలోంచి తన ఒడిలోకి మారేటప్పుడు గోరంత ఒళ్లు వెచ్చగా, బరువుగా ఉంది. నానమ్మ ఒక్క మాటే అంది, ముందుకి చూస్తూనే. "నెలే అని నీకు గట్టిగా తెలుసా అమ్మాయ్?" పిన్ని సంచి జిప్పు మీద చెయ్యి పెట్టుకుంది. నర్సు మూడో చుక్క వేసి, రెప్పలు విప్పి చూసి, బాగా విచ్చుకుంది, ఇంకో పావుగంటలో పిలుస్తారు, కాసేపు తెరిచినా ఫరవాలేదులే అంది. పిల్ల కళ్లు తెరిచింది. కుడికంట్లో గోధుమరంగు అంచు పోయి అంతా నలుపే, ఎడమకంట్లో ఆ నలుపు ఉండాల్సినచోట పాలనురుగు తెలుపు, ఇప్పుడు ఫ్లాషు అక్కర్లేదు, టార్చి అక్కర్లేదు, ఆవలి వరస కుర్చీలవాళ్లకి కూడా కనిపిస్తుంది. ఆరు నెలలు దాక్కున్నది నిండా బయటికి వచ్చి నిలబడినట్టుంది. గోరంత అలవాటుగా పిన్ని మొహం రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ముక్కూ ముక్కూ తగిలింది. మందుకి దగ్గరివన్నీ అలుక్కుపోతాయని పిల్లకేం తెలుసు, వెతికింది, తల ఇటు వంచి వెతికింది, అటు వంచి వెతికింది.

"పిన్నీ, నీ కంట్లో నేను లేను."

ఉన్నావు, అనబోయింది. ఎప్పుడూ ఆ జవాబే. ఉన్నావమ్మా, మందు వల్ల కనిపించడం లేదు అని నానమ్మే చెప్పింది పిల్లకి, ఎంత మెత్తగా చెప్పిందంటే ఆ గొంతు పిన్ని ఎప్పుడూ వినలేదు. పిన్ని పిల్లని ఛాతీకి అదుముకుని, తన గుండె చప్పుడు పిల్లకి వినిపిస్తుందేమోనని భయపడుతూ కూర్చుంది. అక్క ఉంటే ఫిబ్రవరి పన్నెండున పొద్దున్నే పిల్లని చంకనేసుకుని ఇదే కుర్చీలో కూర్చుని ఉండేది. అక్క పదో తరగతి దాటలేదు, మాట పుట్టుక అక్కర్లేదు ఆమెకి, పిల్ల నోరు విప్పితే ఎక్కడ నొప్పి అని అడిగేది. గడియారంలో పన్నెండయింది, పన్నెండూ పది అయింది. గోరంత పేరు పిలిచారు, బడి రిజిస్టర్లో ఉండే అసలు పేరు, ఆ పేరుకి పిల్ల ఎప్పుడూ వెంటనే పలకదు.

గదిలో కిటికీలకి నల్లపరదాలు. డాక్టరు కుర్చీ జరుపుకుని, పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల కదలకుండా పట్టుకోవాలి, లైటు తీసేస్తాను అన్నాడు. లైటు తీసేయకముందే చెప్పాలి. చీకట్లో చెబితే సిగ్గు తక్కువ, కాని చీకట్లో చెప్పినదానికి మొహం ఉండదు. పిన్ని జిప్పు లాగింది, కార్డు బల్ల మీద పెట్టింది, అతని వైపు తిప్పి పెట్టింది. "నెల కాదండీ. ఫిబ్రవరి పదకొండు. నాకు తెలుసు. అబద్ధం చెప్పాను." తన గొంతు ఇంత మామూలుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. డాక్టరు కార్డు చదివాడు. తిట్టలేదు, మంచిపని చేశారనీ అనలేదు. ఫైలులో ఒక నెల అన్నది కొట్టేసి పైన తేదీ వేసి, నర్సుని పిలిచి, స్కానింగుకి ఫోను చెయ్యి, ఇవాళే, ఇప్పుడే అన్నాడు. నర్సు వెళ్లింది. నానమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. ఆరు నెలలు, అంది, ఎవరితోనూ కాదు. కొంగు భుజం మీంచి జారితే సర్దుకోలేదు. పిన్ని ఆ మొహంలోకి చూడటానికి బలవంతంగా తల ఎత్తింది, అక్కడ కోపం కోసం వెతికింది, ఉంటే బాగుండుననిపించింది.

"కళ్లజోడు తెచ్చుకోలేదు నేను. చదువు. ఆ రోజు పిల్ల ఏమందో చదువు."

పిన్ని కార్డు చేతిలోకి తీసుకుంది. పదమూడేళ్లుగా రోజూ ఎవరెవరి మాటలో చదివిన గొంతు, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ చదివింది. ఆ కంట్లో పాప లైటు ఆర్పకుండా నిద్రపోయింది. నానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒడిలో గోరంత, కనిపించని మొహం కోసం తల పైకెత్తి, గొంతు వచ్చిన వైపుకి తిరిగింది.

"అంతేనా? ఇంకోటి రాయలేదా పిన్నీ?"

"ఇంకోటేంటమ్మా?"

"లేపు పిన్నీ అన్నాగా. పిలుస్తుంటే లేవట్లేదు, నువ్వు లేపు, అన్నాగా."

పిన్ని కార్డు వంక చూసింది. ఆ ఒక్క వాక్యం కింద సగం కార్డు ఖాళీగా ఉంది.